నంబరు పడిన పేపరు

మా బడిలో నన్ను 'పేపర్ల టీచరమ్మ' అనేవాళ్లు. చాటుగా పెట్టుకున్న పేరే అయినా నా చెవిన పడుతూనే ఉండేది. ఎనుమాముల మార్కెట్ యార్డు పక్కన, మిర్చి ఘాటుకు పిల్లలు తుమ్ముకుంటూ పాఠం వినే బడి అది. ఎనభైలలో అక్కడ సోషల్ చెప్పేదాన్ని. హన్మకొండలో గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. నేను రోజూ రెండు దినపత్రికలు కొనడం స్టాఫ్ రూములో పెద్ద వింత. "ఒక్క పేపర్ సరిపోదా మేడం? ఇంట్ల మాట్లాడెటోళ్లు లేకనా?" అన్నాడొకాయన. ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మాట నిజమే. తెల్లారి లేస్తే ఆ రెండు పేపర్లతోనే నా మాటలూ, నా పోట్లాటలూ.

శనివారం ఆఖరి పీరియడ్‌కు వాటిని పదో తరగతికి పట్టుకెళ్లేదాన్ని. ఒకే వార్తను రెండింట్లో చదివించి, ఇది కళ్లారా చూసి రాశారా, ఎవరో చెబితే రాశారా, ఏ సంగతి వదిలేశారు అని అడిగేదాన్ని. పిల్లలు బిక్కమొహాలు వేసేవాళ్లు. అచ్చులో పడ్డదాన్ని అనుమానించడమంటే వాళ్లకు భయం. "గివి పరీక్షల వస్తయా టీచర్?" అనేవాళ్లు. రావు. హెడ్మాస్టరు గారికి కూడా అదే అభ్యంతరం.

ఒకసారి యార్డులో మిర్చి ధర దగ్గర గొడవైంది. మర్నాడు ఒక పత్రిక రైతులు భగ్గుమన్నారని రాసింది. ఇంకోటి కొనుగోళ్లు ప్రశాంతంగా సాగాయని రాసింది. ఏది నిజమని అడిగితే వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది. తండ్రి యార్డులో హమాలీ. తల్లి అక్కడే మిరపకాయల తొడిమలు తీసే కూలీ.

"రెండు సగం సగమే టీచర్. మా నాయిన ఆన్నే ఉండె. పొద్దుగాల లొల్లి లొల్లి అయిందట. పగటాల్ల అందరు చాయ్ తాగి, ఎవల కాంటా వాళ్లు పెట్టిచ్చుకున్నరట. పొద్దుగాల వచ్చినాయన ఒకటి రాసిండు, పగటాల్ల వచ్చినాయన ఒకటి రాసిండు."

నాకు ఎంత సంబరమైందో! మాట్లాడే మనిషి దొరికింది. అప్పటినుంచి శనివారాలు బడి వదిలాక ఆ పిల్ల కాసేపు నా దగ్గర కూర్చుని పేపర్లు తిరగేసేది. వారమంతా ఆ కాసేపటి కోసం ఎదురుచూసేదాన్ని.

పదో తరగతి ఫలితాలు అప్పట్లో పేపర్లోనే వచ్చేవి. హాల్‌టికెట్ నంబరు పడితే పాసు, పడకపోతే ఫెయిలు. పాసైతే కాలేజీ, లేకుంటే తల్లి వెంట తొడిమలకే అని ఆ పిల్ల తండ్రి ముందే తేల్చి చెప్పాడు.

ఫలితాల రోజు పొద్దున్నే ఆయన యార్డు ముందున్న చాయ్ హోటల్లో ఎవరిచేతనో పేపర్లో వెతికించాడు. నంబరు లేదు. అట్నుంచటే బస్తాలు మోయడానికి పోయాడట. అది తెలిసి నాకు కాలు నిలవలేదు. రెండో పేపరు ఆ రోజు హన్మకొండలో దొరకలేదు. కాజీపేట స్టేషన్‌కు పరుగెత్తాను. అక్కడ కొన్న పేపర్లో నంబరుంది! రిక్షా ఎక్కి నేరుగా యార్డుకే పోయాను.

ఆయన బస్తా దించి, చేతులు తుడుచుకుని, నేను వేలు పెట్టిన చోటికి వంగి చూశాడు.

"గిదేనా టీచరమ్మా? గిదేనా?" అంటూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ పేపరు పట్టుకుని కాంటా కాంటాకూ తిరిగాడు. సేట్లకు చూపించాడు. జిలేబీలు తెప్పించి పంచాడు.

ఆ పిల్ల మాత్రం తల్లి పక్కన కూర్చుని తొడిమలు తీస్తూనే ఉంది. జిలేబీ ముట్టలేదు. "మెమో రానియ్యుండ్రి టీచర్," అంది మెల్లగా. నాకు కోపమొచ్చింది. పండగలాంటి రోజు కూడా ఈ అనుమానమేమిటని కసిరాను. నేర్పింది నేనే కదా, మహాతల్లిని!

బడులు తెరిచాక మార్కుల మెమోలు వచ్చాయి. లెక్కల్లో తప్పింది. రెండో పేపర్లో పడిన నంబరే తప్పు. ఖాళీ తరగతిలో ఆ మెమో ఆమె చేతికిస్తూ నేనే ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"నాకు ఎరుకే టీచర్. లెక్కల పరీక్ష సగమే రాసిన. నంబర్ పడ్డదంటెనే ఏదో తప్పు పడ్డదనుకున్న."

"మరి ఆ రోజే మీ నాయనకు ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా?"

"మా నాయిన గట్ల నవ్వంగ నేనెన్నడు సూడలే టీచర్. మెమో వచ్చేదాక నవ్వనీ అనుకున్న."

ఊరంతా శభాష్ అంటుంటే, నిజం ఒక్కతే కడుపులో పెట్టుకుని అన్నాళ్లు ఎలా తిరిగిందో! ఒంటరితనం నాకొక్కదానికే తెలుసనుకుని ఇన్నాళ్లూ నా మీద నేనే జాలిపడ్డాను. ఆ పిల్లను దగ్గరకు తీసుకుని మళ్లీ ఏడ్చాను.

ఇద్దరం కలిసే యార్డుకు వెళ్లాం. సంగతి నేనే చెప్పాను. ఆయన బస్తా మీద కూలబడ్డాడు. మళ్లీ తొడిమల మాట ఎత్తుతాడనుకున్నాను. చివరికి లేచి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"సెప్టెంబర్ల మల్ల పెట్టే పరీక్షకు ఫీజు కట్టిద్దాం టీచరమ్మా. యార్డు యార్డంత చెప్పుకున్న, నా బిడ్డ పాసైందని. ఇగ పాస్ గాకుంటె ఎట్ల?"