మునెమ్మవ్వ కామంచి మడి

2021వ సంవత్సరం. బజారుకు పోయి కూరగాయలు తేవడానికి కూడా జనం జంకుతున్న రోజులు. తిరుపతిలో నాకున్న చిన్న నర్సరీకి ఆ ఏడాది దొరికినంత పని అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. మిద్దెల మీద, ఇళ్ల వెనక ఉండే కాస్త ఖాళీలో రైజ్డ్ బెడ్లు కట్టివ్వడం నా పని. రైజ్డ్ బెడ్ అంటే మరేం లేదు. మోకాలెత్తు ఇటుకలు పేర్చి, నడుమ ఎర్రమన్ను, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపి నింపిన మడి. నడుం వంచకుండా కలుపు తీసుకోవచ్చు, వాన నీళ్లు నిలవవు.

నాకు నోరు కాస్త ఎక్కువ. మడి అప్పగించేటప్పుడు ఒక మాట అలవాటుగా అనేవాణ్ణి: “ఇందులో మందుల్లేవు, మాయల్లేవు. మొలిచిందంతా మీ నోటికే.” జనం ఆ మాటకు మురిసిపోయేవాళ్లు. వాళ్లు మురిసేకొద్దీ నేను ఇంకాస్త గట్టిగా అనేవాణ్ణి. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మునెమ్మవ్వ ఇల్లు కొర్లగుంటలో. కొడుకు మురళి, కోడలు ఇద్దరూ తిరుమల కొండ మీద అంగడి నడుపుతారు. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరేది. పగలంతా ఇంట్లో అవ్వ, ఎనిమిదేళ్ల మనవరాలు హాసిని, ఇద్దరే. అవ్వది పుత్తూరు దగ్గర పల్లె, మాదీ ఆ పక్కే. గట్ల మీద వాటంతటవే మొలిచే ఆకులు ఏరి కలగూర వండటంలో ఆ తరం ఆడవాళ్లకు సాటి లేరు. విత్తిన కూర కన్నా మొలిచిన కూరకే రుచి అని అవ్వ నమ్మకం. ఆమె మడిలో కొత్తిమీర, మెంతి, తోటకూర, పచ్చిమిరప వేసి, ఒక మూల కామంచి నాటాను. నోటిపూతకు కామంచి ఆకు పప్పు మా దిక్కున ఇంటింటి వైద్యం. “కామంచి ఉంటే సాలబ్బా, ఇంట్లో డాక్టరు ఉండినట్టే” అని అవ్వ సంబరపడింది.

రెండు నెలల తర్వాత, ఒక శనివారం మధ్యాహ్నం అవ్వ నుంచి ఫోన్ వచ్చింది.

“చెంగల్రాయా, బిడ్డకి ఏమో అయిపోయిందప్పా. నన్నే ఎవురు నువ్వని అడగతా ఉండాది. కొండ మీద ఫోన్లు ఎత్తడం లేదు. బిన్నే రా.”

ఐదు నిమిషాల్లో అక్కడున్నాను. హాసిని చాప మీద కూర్చుని ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది, పెదాలు ఎండిపోయాయి. కంటిపాపలు విచ్చుకుని కన్నంతా నల్లగా ఉంది. గాల్లో ఏవో ఏరుతున్నట్టు వేళ్లు ఆడిస్తోంది. “హాసినీ” అని పిలిస్తే నా వైపు తిరిగింది గానీ నన్ను చూడలేదు. “చీమలు, చీమలు” అంది.

“గాలి గాని సోకిందేమో” అంటూ అవ్వ పిల్ల నుదుట విభూతి పెడుతోంది.

“ఏం తినింది అవ్వా?”

“కామంచాకు పప్పు. మూడు దినాలుగా నోరంతా పుండ్లని ఏడస్తా ఉంటే చేసిపెట్టినా. శనివారం కదా, నాది ఒక్కపొద్దు. నేను ముట్టలా.”

నేను పెరట్లోకి పరుగెత్తాను. కామంచి మొక్కల నడుమ, అంతే ఎత్తున, ఇంచుమించు అలాంటి ఆకుతోనే ఇంకో నాలుగు మొక్కలు. వాటి చివుళ్లూ తుంచి ఉన్నాయి. ఒక ఆకు నలిపి వాసన చూశాను. ముక్కును పట్టేసే ఆ వెగటు వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఉమ్మెత్త. మా ఊళ్లో దిబ్బల పక్కన మొలిచేది. పువ్వు పూస్తే పసిబిడ్డయినా గుర్తుపడుతుంది. పూయని లేతమొక్కను కామంచిలో కలిపేస్తే ఎంతటి చేయైనా పొరబడుతుంది.

ఒక మొక్కను వేళ్లతో సహా పీకి సంచిలో వేసుకుని, పిల్లను భుజాన వేసుకుని, అవ్వతో ఆటో ఎక్కాను. దారంతా పిల్ల గుండె నా భుజానికి తగులుతూనే ఉంది. అంత వేగంగా కొట్టుకునే గుండె ఆగిపోతుందేమోనన్న భయంతో నేను లెక్కలేనన్నిసార్లు గోవిందుణ్ణి తలచుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బల్ల మీద ఆ మొక్క పెట్టాను. ఆమె దాన్నీ, పిల్ల కళ్లనూ చూసి, లోపలికి తీసుకెళ్లమంది. “మొక్క తెచ్చి మంచి పని చేశారు. లేకపోతే ఏ మెదడు జ్వరమో అని వెతుకుతూ ఉండేవాళ్లం. రేపటిదాకా మాత్రం ఏమీ చెప్పలేను” అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక నాకు అసలు భయం మొదలైంది. ఆ ఉమ్మెత్త గాలికి రాలేదు. పశువుల ఎరువును దిబ్బగా వేసి, నెలల తరబడి తిరగేస్తూ మాగనివ్వాలి. దీన్ని కంపోస్టింగ్ అంటాం. దిబ్బ నడుమ పుట్టే వేడికి కలుపు గింజలు చస్తాయి. అంచుల్లో ఆ వేడి ఉండదు. ఆ వేసవిలో పని మీద పని వచ్చిపడితే, మా ఊరి దిబ్బను తిరగేయకుండా, జల్లెడ పట్టకుండా, అంచు నుంచే ట్రాక్టరుకు ఎత్తించాను. తెలియక చేసిన పని కాదు. తెలిసీ, ఏమవుతుందిలే అనుకున్నాను.

అదే ఎరువు ఇంకో రెండు ఇళ్లకు వేశాను. ఒక ఇంటివాళ్లు ఫోన్ ఎత్తారు, వాళ్లు ఇంకా ఏమీ కోయలేదు. రెండో ఇంటివాళ్లు ఎత్తలేదు. సాయంత్రం బండి మీద పోయి వాళ్ల గేటు ముందు నిలబడి గంట కొడుతుంటే తలుపు తీసే ఆ అరనిమిషంలో చచ్చి బతికాను. వాళ్ల మిరప మడిలో ఆరు ఉమ్మెత్త మొక్కలు, వంకాయ మొక్కలనుకుని ముద్దుగా నీళ్లు పోస్తున్నారు. పీకి పారేసి మళ్లీ ఆసుపత్రికి వచ్చాను.

అప్పటికి మురళి కొండ దిగి వచ్చి ఉన్నాడు. తల్లి మీద విరుచుకుపడుతున్నాడు. “కండ్లకి పొర వచ్చిందని డాక్టరు సెప్పలా? నీకెందుకమ్మా ఈ ఆకులేరే పని? నా బిడ్డను సంపేస్తా ఉండినావే!”

అవ్వ తన వేళ్ల వంక చూసుకుంటూ కూర్చుంది. ఊరంతా వాగే నా నోరు ఆ పూట పెగల్లేదు. పిల్లకు ఏమవుతుందో అన్న భయం ఒకటి. ఆ మొక్క ఎక్కడిదని అడుగుతారేమోనన్న భయం ఇంకొకటి. రెండోది కూడా ఉందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు పొద్దున హాసిని కళ్లు తెరిచి, “అవ్వా, దప్పిక” అంది. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది. కోడలు ఏడ్చింది, మురళి ఏడ్చాడు. అవ్వ మాత్రం, “ఈ సేతుల్తో ఇంక కూర తెంపను” అంది. ఆ మాటకు నేను ఆగలేకపోయాను.

“నీ సేతులు కాదవ్వా. నా ఎరువు. అది మాగని ఎరువని నాకు తెలుసు. మొలిచిందంతా తినమని సెప్పిందీ నేనే.”

మురళి లేచి నా మీదికి వచ్చాడు. అవ్వ అతని చేయి పట్టుకుని ఆపి, నా వైపు తిరిగింది.

“నిన్ననే సెప్పింటే నాకు సగం ఏడుపు తప్పిండేది కదప్పా” అంది.

మూడిళ్ల మడులూ ఖాళీ చేసి కొత్త మన్నుతో నింపాను. అప్పటి నుంచి ఎరువు వచ్చిన ప్రతిసారీ ఒక ట్రేలో పోసి, తడిపి, మూడు వారాలు ఏం మొలుస్తుందో చూస్తాను. దీన్ని జర్మినేషన్ టెస్ట్ అంటారు. పాత మాట మానేశాను. “నేను వేసినవి ఇవి. వేరే ఏది మొలిచినా నాకు చూపించకుండా నోట పెట్టొద్దు” అంటున్నాను. ఈ మాటకు ఎవరూ మురిసిపోరు.

నాలుగు నెలలకు అవ్వ భోజనానికి పిలిచింది. కంటి ఆపరేషన్ అయింది. కంచంలో వేడన్నం, దాని మీద కామంచాకు పప్పు. ఆ మడిదే. అందులో కలుపు తీసింది నేనే, ప్రతి మొక్కా నాకు తెలుసు. అయినా ముద్ద కలిపిన చేయి నోటిదాకా పోలేదు.

“ఏమప్పా, భయమా?”

“భయమే అవ్వా.”

“ఉండనీలే. ఆ భయం నీకుండేంత వరకు నీ మడిలో కూర మేం తింటాం.”

నేను ముద్ద నోట్లో పెట్టుకుని మింగాను. నేను మింగేదాకా చూసి, అప్పుడు అవ్వ హాసిని కంచంలో పప్పు వడ్డించింది.