బ్లేడు బాగానే ఉందన్నాను

కొన్నేళ్లుగా నేనొక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. "బ్లేడు బాగానే ఉంది" అన్న మాట. నా పనిలో రోజూ ఎవరో ఒకరితో అనేదే. ఒక్కసారి మాత్రం అది అబద్ధం. ఆ ఒక్కసారి గురించే మీకు చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. అలసిపోయాను. దాచడంలో ఇంత శ్రమ ఉంటుందని మొదట్లో తెలియలేదు.

దుబాయ్‌లో ఒక ఐస్ రింక్‌లో పనిచేస్తాను. మాది కరీంనగర్ వైపు, చదివింది మెకానికల్ డిప్లొమా. ఎడారిలో మంచు మీద హాకీ ఆడతారని ఇక్కడికి వచ్చేదాకా నాకూ తెలియదు. మొదట నీటిని గడ్డకట్టించే ప్లాంటులో వేశారు. కరోనా తగ్గి రింక్ మళ్లీ తెరిచాక, ఆటగాళ్ల స్కేట్లకు సానపట్టే గది అప్పగించారు. ఆ గది నాకు సరిపోయింది. కొలత ఉన్న పని ఏదైనా నాకిష్టం. దేని తర్వాత ఏది చేయాలో ముందే మనసులో వరుస పెట్టుకుంటాను. సానరాయి సరిచేయడం, బ్లేడు బిగించడం, పట్టడం, అంచు చూడటం, తుడవడం. క్లబ్బు కోచ్ నన్ను ప్రొఫెసర్ అనేవాడు. ఆ పిలుపు నాకు బాగుండేది. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ తర్వాతి పాపమంతా ఆ బాగుండటంలోంచే వచ్చింది.

ఆ సీజన్‌లో క్లబ్బు జీతం మీద ఆడించడానికి ఒక కుర్రాణ్ణి తెచ్చింది. అసలు పేరు చెప్పను, తాషీ అంటాను. లద్దాఖ్ వాడు. చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీద ఆట నేర్చుకున్నాడు. ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్ కొట్టాల్సినవాడు. ఒప్పందం ఒక్క సీజన్‌కే. బాగా ఆడితే పొడిగిస్తారు, లేకపోతే వీసాతో పాటే ఆటా ఖలాస్. వాళ్ల ఊళ్లో జీతానికి ఆడేవాళ్లెవరూ లేరు. అతనే మొదటివాడు.

బర్ దుబాయ్‌లో మేమున్న ఫ్లాట్‌లోనే అతనికీ ఒక మంచం దొరికింది. మా ఫ్లాట్‌లో రాజన్న కూడా ఉండేవాడు. జగిత్యాల మనిషి, రింక్‌లో మంచును నున్నగా చేసే బండి నడుపుతాడు. తాషీ మనిషంత పొడవున్న హాకీ సంచిని మెట్రోలో మోసుకొస్తుంటే రాజన్న ఊరుకునేవాడు కాదు. "ఏందిర బై, ఎవన్ని సంపి తెస్తున్నవ్?" అనేవాడు. తాషీకి తెలుగు రాదు. అయినా నవ్వేవాడు. నాతో హిందీలో మాట్లాడేవాడు, భయ్యా అని పిలిచేవాడు.

అతని ఆటంతా మూల తిరగడంలో ఉండేది. పూర్తి వేగంతో వచ్చి, వేగం తగ్గించకుండా ఎడమకు ఒరిగిపోయేవాడు. మోచెయ్యి మంచుకు తగులుతుందేమో అనిపించేది. వెంటపడ్డవాడు తిరగలేక నేరుగా వెళ్లి గోడకు గుద్దుకునేవాడు. ఎలా తిరుగుతావురా అని ఒకసారి అడిగితే, "నేను తిరగను భయ్యా, కాళ్లే తిరుగుతాయి" అన్నాడు.

ఇప్పుడు పని సంగతి కొంచెం చెప్పాలి. స్కేటు బ్లేడు అడుగు చదునుగా ఉండదు. పొడవునా సన్నని గాడి ఉంటుంది, గాడికి రెండు వైపులా రెండు అంచులు. గాడి లోతుగా ఉంటే అంచులు మంచును గట్టిగా కరుస్తాయి. గోల్ కాపాడేవాడు పక్కలకు జారాలి కాబట్టి అతనికి లోతు తక్కువ పెడతాం. తాషీలాంటి వాడికి ఎక్కువ కావాలి. ఒకరి తర్వాత ఒకరివి పట్టేటప్పుడు సానరాయి వంపును మళ్లీ సరిచేసుకోవాలి. మొదటి రోజు నేర్పే పాఠం ఇదే.

సీజన్ చివర్లో, పొడిగించాలో వద్దో తేల్చే మూడు మ్యాచుల్లో మొదటిదాని రోజు, గోల్ కాపాడేవాడి స్కేట్లు పట్టాక నేను సానరాయిని సరిచేయలేదు. ఎందుకు? తొందర లేదు. నిద్రలేమి లేదు. కారణం కోసం చాలా వెతికాను. మరిచిపోయాను, అంతే. అదే రాయి మీద తాషీ బ్లేడ్లు పట్టి ఇచ్చేశాను.

మరిచిపోవడం తప్పే. కానీ నేను ఒప్పుకోవాలనుకుంటున్నది దాన్ని కాదు.

ఆటలోని మూడు భాగాల్లో మొదటిది అయ్యాక తాషీ నా గదికి వచ్చాడు. వెనకే కోచ్. తాషీ స్కేట్లు విప్పి బల్ల మీద పెట్టాడు.

"భయ్యా, కుఛ్ గడ్‌బడ్ హై. ఒరిగితే పట్టడం లేదు, జారిపోతున్నాను."

బ్లేడును దీపం కిందికి తిప్పాను. గాడి లోతు చాలదని చూడగానే తెలిసింది. కొలిచే గేజ్ పెట్టక్కర్లేదు, వేలి గోరు చాలు. రాయి సరిచేసి, రెండూ మళ్లీ పట్టి ఇవ్వడానికి విరామం సరిపోతుంది. అదీ తెలుసు.

కోచ్ గుమ్మానికి ఆనుకుని ఇంగ్లీషులో అడిగాడు. "ప్రొఫెసర్, తేడా స్కేటుదా, మనిషిదా?"

"స్కేట్లు బాగానే ఉన్నాయి కోచ్."

తాషీ నా ముఖంలోకి చూశాడు. "పక్కా?"

"బ్లేడ్ ఠీక్ హై. నీ చీలమండే బలంగా ఆనడం లేదు. భయపడుతున్నావేమో చూసుకో."

ఆ రెండో మాట ఎవరడిగారు? బ్లేడు బాగుందని ఆగిపోయినా అబద్ధం సగంలో ఆగేది. కానీ బ్లేడు బాగుంటే మరి జారడానికి కారణం కావాలి కదా. లెక్క తేలాలి కదా. నా బుద్ధి అలాంటిది, ఖాళీ ఉంటే పూరిస్తుంది. అతని కాళ్లతో పూరించాను. చేతిరాయితో అంచుల మీద రెండుసార్లు ఉత్తుత్తినే రుద్ది, స్కేట్లు తిరిగి ఇచ్చాను. అతను థాంక్స్ చెప్పాడు.

ఉద్యోగం పోతుందన్న భయం అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిలవదు. కోచ్‌కు నన్ను తీసేసే అధికారం లేదు, మహా అయితే అరిచేవాడు. పోయేది ఉద్యోగం కాదు, ప్రొఫెసర్ అన్న పిలుపు. దాని కోసమే చేశాను. ఇంత చిన్నదాని కోసమే.

రెండో భాగంలో తాషీ అదే మూలలో ఒరిగాడు. కాళ్లు కిందినుంచి వెళ్లిపోయాయి. గోడ దాకా జారాడు. అతని దగ్గర పోయిన పక్‌తోనే, అంటే బంతికి బదులు ఆడే రబ్బరు బిళ్లతోనే, అవతలి జట్టు గోల్ కొట్టింది. మూడో భాగంలో కోచ్ అతణ్ణి బెంచీ మీదే కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రం బస్సులో రాజన్న నా పక్కన కూర్చున్నాడు. "ఇన్నొద్దులు పులిలెక్క ఉరికినోడు ఇయ్యాల గట్ల జారిండేంది? నేనే నీళ్లు ఎక్కువ పోసిన్నా? మంచు మెత్తగయిందా?"

"లేదన్నా, మంచు మంచిగనే ఉండె" అన్నాను. ఆ నింద అతని మీద వేయలేదు. దాన్ని కూడా చాలాకాలం నా మంచితనం కింద రాసుకున్నాను.

మర్నాడు ఎవరూ రాకముందే వెళ్లి తాషీ బ్లేడ్లు సరిచేశాను. ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. ఇనుము సర్దుకుంది. మిగిలిన రెండు మ్యాచుల్లో అతని అంచులు కత్తుల్లా ఉన్నాయి, కానీ మూల దగ్గరికి రాగానే అతను కిందికి చూసుకునేవాడు. ఒక్క క్షణమే. మంచు మీద ఆ క్షణంలో ఎదుటివాడు దాటిపోతాడు. బాగున్న బ్లేడ్ల మీద కూడా తడబడ్డాడు కాబట్టి, నేను చెప్పిందే నిజమని కోచ్ నమ్మాడు. తాషీ కూడా నమ్మాడు. కొన్ని రోజులు నేను కూడా నమ్మబోయాను.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పడమే అన్నిటికంటే కష్టం. చీలమండకు ఏం చేయాలో చెప్పమని అతను నన్నే అడిగాడు. నేను చెప్పాను. మడిచిన తువ్వాలు మీద ఒంటికాలితో నిలబడటం, కళ్లు మూసుకుని నిలబడటం, మునివేళ్ల మీద లేవడం. చక్కగా, ఒక క్రమంలో. అతను వంటగదిలో టీ మరిగేంతసేపూ ఒంటికాలి మీద నిలబడేవాడు. "ఏం కొంగ జపమయ్యా ఇది! సాప కోసమా, సాయిబు కొలువు కోసమా?" అని రాజన్న ఆటపట్టించేవాడు. ఏమంటున్నాడని తాషీ నన్నడిగేవాడు. బాగా చేస్తున్నావంటున్నాడు అని చెప్పేవాణ్ణి. ఏ లోపమూ లేని కాలికి మందు రాసిచ్చి, పథ్యం సరిగ్గా చేస్తున్నాడా లేదా అని పక్కన నిలబడి చూశాను.

ఒప్పందం పొడిగించలేదు. తాషీ ఏడవలేదు. వెళ్లేముందు నన్ను కౌగలించుకున్నాడు. అందరూ బాగా ఆడుతున్నావనే అన్నారట, మొహం మీద నిజం చెప్పింది నేనొక్కణ్ణేనట. అప్పుడు నోరు తెరవాల్సింది. ఆ క్షణం నా చేతిలో ఉంది. కింద టాక్సీవాడు హారన్ కొట్టాడు. సంచి ఒక వైపు పట్టుకుని లిఫ్ట్ దాకా సాయం చేశాను.

ఆ తర్వాత ఏ జట్టులోనూ అతను జీతానికి ఆడలేదు. నా బ్లేడు వల్లేనా? ఏమో. సరైన బ్లేడుతో ఆ రోజు ఆడి ఉన్నా ఓడిపోయేవాడేమో. ఆ 'ఏమో' వెనక కూడా కొన్నాళ్లు దాక్కున్నాను.

ఈ చలికాలం అతను ఒక వీడియో పంపాడు. చెరువు మంచు మీద పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. ఒక పాప తిరగబోయి పడింది, లేచి తన స్కేటును చూపించి ఏదో ఫిర్యాదు చేసింది. అతను స్కేటును చూడనే లేదు. నవ్వుతూ, హిందీలో, బ్లేడును అనకు, ముందు నీ కాళ్లను అడుగు అన్నాడు. ఆ పాప తన కాళ్లవైపు చూసుకుంది. వీడియో కింద నాకోసం రాశాడు: నీ పాఠమే భయ్యా.

నా అబద్ధం నా దగ్గరే ఆగిందనుకున్నాను. అది పాఠమై పిల్లల దాకా వెళ్లింది. ఆ పాప బ్లేడు నిజంగానే మొద్దుబారి ఉంటే?

ఇదంతా తెలుగులో రాశాను. తాషీకి తెలుగు రాదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే రాశాను. అదీ నా ఖాతాలోనే వేయండి. అతనికి చెప్పే ధైర్యం ఈ రోజుకైతే లేదు. రేపు ఉంటుందని మాట ఇవ్వను, నా మాటల విలువ మీకు చెప్పేశాను. క్షమించమని కూడా అడగను. అది మీ చేతిలో లేదు.

కానీ ఇంతవరకు రాసి, సానగది తలుపు వేసుకుని, ఒకసారి పైకి అని చూశాను. అతనికి అర్థమయ్యే భాషలో.

"బ్లేడ్ ఖరాబ్ థా. తేరే పైర్ ఠీక్ థే."

బ్లేడే బాగాలేదు, నీ కాళ్లు బాగానే ఉన్నాయి అని. గదిలో ఎవరూ లేరు. ఇన్నేళ్లలో ఆ గదిలో నేను చెప్పిన మొదటి నిజం అదేమీ కాదు, అక్కడ రోజూ కొలతలన్నీ నిజమే చెబుతాను. ఇది చెప్పాక మాత్రం లేచి, పట్టడానికి ఏ బ్లేడూ లేకపోయినా, సానరాయిని సరిచేశాను.