నీళ్లు పోసినప్పుడు అన్న మాటలు

మా అత్తకు అక్షరం ముక్క రాదు. అయినా ఆమెకు రాని ప్రార్థన లేదు. పొద్దున లేచినప్పటిది, అన్నం ముందరిది, జపమాల, జ్వరం వచ్చినవాళ్ల నుదుటి మీద చెయ్యిపెట్టి చెప్పేది, అన్నీ నోటికే ఉండేవి. ఆమెకు వాళ్ల తల్లి నేర్పింది. ఆ తల్లికి ఎడ్లబండి మీద ఊళ్లు తిరిగే ఉపదేశి నేర్పాడట. మట్టెవాడలో మా గల్లీ నిండా మగ్గాల ఇళ్లే. క్రైస్తవుల ఇల్లు మాదొక్కటే.

నా బిడ్డ పుట్టి ఒక్క పూట బతికింది. డెబ్బైల మొదట్లో సంగతి. జోరు వాన. మా ఆయన సరుకు లారీ మీద ఖమ్మం వెళ్లాడు. ఫాదర్ పల్లెలకు పోయాడు. నేను కళ్లు తెరవలేని నీరసంలో ఉన్నాను. బిడ్డ నీలంగా మారుతుంటే మా అత్తే చెంబుతో నీళ్లు తెచ్చి తల మీద పోసి జ్ఞానస్నానం ఇచ్చింది. ప్రాణం పోయే వేళ ఫాదర్ లేకపోతే ఎవరైనా ఇవ్వొచ్చని మా చర్చిలో చెబుతారు.

మరునాడు మా చర్చి ఉపదేశి వచ్చి, నీళ్లు పోశావా అని అత్తను అడిగాడు. పోశానంది. ఆ ఒక్క మాట మీద నా బిడ్డను సమాధుల తోట గోడ లోపల పెట్టారు. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్లను అప్పట్లో గోడ బయట, తుమ్మల కింద పాతిపెట్టేవాళ్లు. మా బిడ్డ సంగతి ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కలేదు. మా అత్త నోరే సాక్ష్యం.

నాకు మళ్లీ పిల్లలు కాలేదు. నవంబరులో సమాధుల పండుగ రోజు మేం ముగ్గురం వెళ్లి, గడ్డి పీకి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తి వెలిగించి వచ్చేవాళ్లం. ఏడాది మొత్తంలో నేను తల్లిగా చేసే పని అదొక్కటే.

తరువాత మా ఆయన ఎనుమాముల మార్కెట్లో హమాలీగా చేరాడు. అక్కడ బస్తాలు మోసే ఒకాయన ఇతన్ని రేకుల షెడ్డులో, బైబిలు తప్ప మరేదీ ఒప్పుకోనివాళ్ల ప్రార్థన కూటానికి తీసుకుపోయాడు. ఆరునెలల్లో ఇంటి గోడ మీది మరియమ్మ పటం దిగిపోయింది. అయిదో తరగతి దాకా చదివాడు కనుక బైబిలు తెరిచి వేలు పెట్టి చూపించేవాడు. తల్లి ఏది చేసినా అడ్డుపడి, ఇది ఏ అధ్యాయంలో ఉంది, ఏ వచనంలో ఉంది అని అడిగేవాడు.

ఒకరోజు ఆమె మిరపకాయల తొడిమలు తీస్తూ, తల ఎత్తకుండానే అంది. "నేను నిన్ను కన్నట్టు ఏ వచనంల ఉన్నది కొడుకా? నా నోటి మాటే గదా. మరి అవ్వా అని ఎందుకు పిలుస్తాన్నవ్?"

అతనికి నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. అన్నం దగ్గర కూర్చుంటే ఆమె తన ప్రార్థన మొదలుపెట్టేది, అతను సొంత మాటలతో గట్టిగా ఇంకోటి మొదలుపెట్టేవాడు. ఎవరికి ఆమెన్ అన్నా రెండోవాళ్లు నా మొహం చూసేవాళ్లు. అందుకని ముందే ముద్ద నోట్లో పెట్టుకునేదాన్ని.

ఆ ఏడు సమాధుల పండుగకు అతను రాలేదు. నేను కొవ్వొత్తులు సర్దుకుంటుంటే గడపలో నిలబడి, మెల్లగానే అన్నాడు. "పసిపిల్లలకు బాప్తిస్మం ఇయ్యాలని యాడ రాసున్నది? సచ్చినోళ్ల కోసం మొక్కుమని యాడున్నది? అది ఎవరి కోసం పెడతాన్నవ్?"

కొవ్వొత్తులు కొంగున ముడేసుకున్నాను. వెళ్లాను, వెలిగించాను. ఆ ఏడు గాలికి అది నాలుగుసార్లు ఆరిపోయింది.

వయోజన విద్య తరగతికి అందుకే వెళ్లాను. బడి వరండాలో మధ్యాహ్నం పూట జరిగేది. హనుమకొండ నుంచి ఒక అమ్మాయి బస్సులో వచ్చి చెప్పేది. మిగతా ఆడవాళ్లు సంతకం నేర్చుకుంటే చాలనుకున్నారు. నాకు మా అత్త చేసింది ఎక్కడైనా రాసి ఉందో లేదో కావాలి. అప్పటికి నాకు నలభై నిండుతున్నాయి. మిరపకాయల ఘాటుకు మండే వేళ్లతో బలపం పట్టుకుని ఏడాదిన్నర కూడబలుక్కున్నాను. మా ఆయన బైబిలు కూడా అడిగి చదివాను. ఒక్క పూట బతికిన బిడ్డ గురించి అవుననీ కాదనీ నాకు అందులో దొరకలేదు.

చివరికి చర్చిలో పాత జ్ఞానోపదేశం పుస్తకం దొరికింది. పలచటిది. ఆదివారం పూజ నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని తిరగేస్తుంటే ఆపదలో జ్ఞానస్నానం అనే పాఠం కనబడింది. ఎవరైనా ఇవ్వొచ్చు, నీళ్లు తల మీద పోయాలి. అత్తను పిలిచి, నువ్వు చేసింది పుస్తకంలో ఉందని చెప్పాను.

"సదువు," అంది.

వేలు పెట్టి చదివాను. నీళ్లు పోస్తూ తండ్రి పేర, కుమారుని పేర, పవిత్రాత్మ పేర జ్ఞానస్నానమిస్తున్నానని అనాలి. ఆ మాటలు లేకపోతే అది చెల్లదు.

"ఇంకోపారి సదువు."

మళ్లీ చదివాను. ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"గా మాటలు నేను అనలేదు బిడ్డా. పోయే పానం గదా అని సావు ప్రార్థన చెవుల చెప్పిన, నీళ్లు పోసిన. గీ మాటలు వేరే ఉంటయని నాకెవ్వలు చెప్పలే." నా మొహంలోకి చూసి, "మరి గోడ అవతల ఉండాల్సిన పిల్లనా?" అని అడిగింది.

నేను పేజీ తిప్పాను. అక్కడ పెళ్లి గురించిన పాఠం ఉంది. దాని మీద వేలు కదుపుతూ, మాటలు తెలియనివాళ్లు భక్తితో ఏ ప్రార్థన చెప్పి నీళ్లు పోసినా దేవుడు ఒప్పుకుంటాడని చదివాను. అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టే చదివాను.

"రాసున్నదా?"

"రాసున్నదత్తా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. పుట్టినప్పటి నుంచి నోటి మాటనే నమ్మిన మనిషి ఆ రోజు పుస్తకాన్ని నమ్మింది.

సాయంత్రం మా ఆయన కూటం నుంచి రాగానే ఆమె ఎదురెళ్లింది. "మా పుస్తకంల గూడ ఉన్నది కొడుకా. నీ పెండ్లామే సదివింది, అడుగు."

అతను చెయ్యి చాపాడు. ఇచ్చాను. నేను ఏడాదిన్నరలో నేర్చుకున్నది అతను ఒక్క గుక్కలో చదివేస్తాడు. అతను అట్ట చూశాడు.

"ఇది బైబిలు గాదు. మనుషులు రాసింది. నేను దీన్ని తెరువ," అని కిటికీలో పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

బతికిపోయాననుకున్నాను. కానీ పొయ్యి దగ్గర కూర్చున్నాక కన్నీళ్లు ఆగలేదు. అతను ఆ పేజీ తెరిచి ఉంటే, తిట్టినా సరే, అక్కడ అలా రాసి లేదని తెలిసినవాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం.