చేదు తీసేసిన ఉప్పు

పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో మా ఆవిడ ఉప్పు కొనే పని నాకు అప్పగించింది ఒక్కసారే. అది కూడా వంటకు కాదు, చేపల తొట్టెకు.

దాని వెనక ఒక పాత నేరం ఉంది. కిందటేడు ఆవిడ చీరాలలో ఉన్న చెల్లెలి ఇంటికి మూడు రోజుల పనిమీద వెళ్లింది. హాల్లో తొట్టెలో ఆవిడ పెంచుకుంటున్న గోల్డ్ ఫిష్‌లు ఆరు ఉండేవి. "పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు మేత వెయ్యండి. అంతే" అని చెప్పి మరీ బస్సెక్కింది. ఆ 'అంతే' నా చెవికి ఎక్కలేదు. పత్రికాఫీసు నుంచి రిటైరై, ఇంట్లో ఏది సర్దుదామా అని చూస్తున్న రోజులవి. తొట్టెలో నీళ్లు కాస్త మసకగా కనిపించాయి. మొత్తం తోడి పారబోసి, అప్పుడే వదిలిన కుళాయి నీళ్లతో నింపాను. క్లోరిన్ వాసన నా ముక్కుకే ఘాటుగా తగిలింది. చేపలకు అంతకంటే ఘాటుగా తగులుతుందని మాత్రం తోచలేదు. సాయంత్రానికి ఆరూ వెల్లకిలా తేలాయి.

ఆవిడ వచ్చి చూసింది. మేత డబ్బా కడిగి, ఎండలో ఆరబెట్టి, అందులో జీలకర్ర పోసుకుంది. పోపు పెట్టినప్పుడల్లా ఆ డబ్బా బయటికొచ్చేది. నేను ఏదో ఒక పని కల్పించుకుని వంటింట్లోంచి జారుకునేవాణ్ణి.

ఏడాది తరవాత పంటి డాక్టరు దగ్గర ఆవిడ సముద్రపు చేపల తొట్టె చూసింది. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలున్న చేపలు రెండు, ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి. లోపలి నుంచి పిలుపొచ్చినా ఆవిడ లేవలేదు. ఇంటికొస్తూ ఆటోలో అంది.

"ఏవండీ, అలాంటివి రెండు మనింట్లో పెడదాం."

"సముద్రాన్ని గుంటూరుకు తెస్తావా?"

"తొట్టె ఉందిగా. ఇసుక, రాళ్లు, ఫిల్టరు నేను చూసుకుంటాను. ఉప్పు సంగతి మీరు చూడండి."

ఉప్పే ఎందుకు నాకు ఇచ్చిందో అర్థమవడానికి నాకు ఒక వీధి దూరం పట్టింది. ఆ తొట్టెలో చేప బతకడమూ, చావడమూ నీళ్లను బట్టే. పోయినసారి తప్పు చేసిన చోటే నన్ను మళ్లీ నిలబెట్టింది. ఆటో దిగాక మిగతాది కూడా చెప్పేసింది. "ఈసారి పోయాయంటే తొట్టె మేడ మీదికి పోతుంది. మట్టి పోసి గోంగూర వేస్తాను. ఇక చేపల మాట ఈ ఇంట్లో ఎత్తను."

చేపల దుకాణం నడిపే ఆయనకు నలభై ఏళ్లుంటాయి. ఆయన మాట ఎప్పుడూ తొందరపడదు. మాకోసం ఒక జంటను విడిగా పెట్టి ఉంచుతానన్నాడు. ముందు ఉప్పునీళ్లు కలిపి, తొట్టెలో పోసి, ఒక నెలైనా తిప్పాలని, ఆ తరవాతే చేపలని చెప్పాడు. బల్ల మీద మూడు రకాల ఉప్పు పెట్టాడు. ఒకటి తొట్టెలో బతికున్న పగడాలు పెంచేవాళ్లు వాడేది. రెండోది ఒట్టి చేపలకు. మూడోది ఊరూ పేరూ లేని పారదర్శకపు కవరు.

"ఇందులో ఏముంది?" అని కవరు చూపించాను.

"ఏముందో నాకూ తెలీదండీ. అడిగేవాళ్లున్నారని ఉంచాను. మీకైతే ఇవ్వను."

"మరి ఆ మొదటిది అన్నిటికంటే మంచిదేగా?"

"మీరు పగడాలు పెడతారా సార్?"

"లేదు, రెండు చేపలే."

"అయితే రెండోది చాలండి. చేపకు లేని ఆకలికి మీరెందుకు వండటం?"

నాకు ఆ మాట నచ్చింది. అయినా కొనలేదు. ఏ విషయమూ రెండు చోట్ల అడగందే రాయకూడదన్న అలవాటు ఒంట్లో ఉండిపోయింది. ఆ రెండో చోటు నేను వెతుక్కోకుండానే మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది.

మా అక్క పక్క వీధిలో ఉంటుంది. డెబ్బై దాటినా, ఏటా పండుమిరపకాయల పచ్చడి మా బంధువుల్లో ఆరిళ్లకు తనే పెడుతుంది. చేలల్లో కాయ ఎర్రబడిందంటే ఆవిడ కాలు ఒక చోట నిలవదు. అప్పటికే చినగంజాం ఉప్పు మడుల నుంచి కల్లుప్పు తెచ్చి ఎండబెట్టుకుంది. నా కథంతా విని మోకాలు మీద చరుచుకుంది.

"ఒరేయ్, సముద్రం చేపకు సముద్రం ఉప్పు వెయ్యక ప్యాకెట్ ఉప్పేంట్రా? మన ఉప్పు ఎక్కడినుంచి వచ్చిందనుకుంటున్నావు? సముద్రం నీళ్లు ఎండితే వచ్చిందే కదా. మళ్లీ నీళ్లలో వెయ్యి, మళ్లీ సముద్రమే!"

వాదన చాలా అందంగా ఉంది. అందంగా కుదిరిన మాటనే ముందు అనుమానించమని డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయినా పడిపోయాను. మా ప్రాంతం వాళ్లకు కల్లుప్పు మీద ఉన్న నమ్మకం అలాంటిది. బజారు ఉప్పు వేస్తే పచ్చడి పాడైందనే ఇల్లు ఉంటుంది గానీ, కల్లుప్పును తప్పుపట్టిన ఇల్లు నేను చూడలేదు.

పెద్ద నీలం డ్రమ్ము నిండా ఫిల్టరు నీళ్లు పోశాం. అక్క దోసిళ్లతో ఉప్పు వేస్తూ, నేను కర్రతో కలుపుతూ గంటసేపు కష్టపడ్డాం. ఆవిడ మధ్యమధ్య వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఇంకా పడాలి. కార్తీకంలో సూర్యలంక సముద్రంలో మునిగినప్పుడు నోట్లోకి పోయే నీళ్లు ఇంతకంటే గట్టిగా ఉంటాయి."

"నలభై ఏళ్లుగా మునుగుతున్నావు. ఏ ఏడు నీళ్ల లెక్క ఇది?"

"నోరు మూసుకుని కలపరా."

దుకాణదారు ఇచ్చిన గాజు గొట్టం ఒకటి నా దగ్గరుంది. పాలకేంద్రంలో పాలు చూడటానికి ముంచే గొట్టం లాంటిదే. నీళ్లలో ఉప్పు ఎంత ఉంటే అంత పైకి తేలుతుంది. అక్క "చాలు" అన్నాక దాన్ని వదిలాను. సరిగ్గా సముద్రపు గీత దగ్గరే నిలబడింది! అక్క నన్ను చూసిన చూపులో డెబ్బై ఏళ్ల పచ్చళ్లూ ఉన్నాయి. మా ఆవిడ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఆ దుకాణం ఆయన్ని ఒక మాట అడిగారా?" అంది.

ఫోన్ చేశాను. ఆయన అంతా విని నెమ్మదిగా అన్నాడు. "గీత దగ్గర నిలబడుతుందండీ, నిలబడకేం. ఉప్పదనం ఎంతుందో అది చెబుతుంది. ఆ ఉప్పులో ఏమేమున్నాయో చెప్పదు. సార్, ఆ నీళ్లు తొట్టెలో పొయ్యకండి."

"ఏముండాలి అందులో?"

"సముద్రంలో ఉన్నవన్నీ."

"ఇది సముద్రం నుంచి వచ్చిందేగా?"

"అది మడుల్లో వాళ్లనే అడగండి."

అక్కకు ఇది పరువు సమస్య అయింది. మడుల దగ్గర ఏటా తనకు ఉప్పు అమ్మే మనిషి ఒకడున్నాడని, అతని నోటితోనే చెప్పిస్తానని కారెక్కింది. పొన్నూరు, బాపట్ల దాటేదాకా రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. అద్దాలు మూసుకున్నా ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. వేటపాలెం దగ్గర జీడిపప్పు వేపుతున్న వాసన వచ్చాకగాని ముక్కు కుదుటపడలేదు. అక్క దారి పొడుగునా నేను ఎలా క్షమాపణ చెప్పాలో చెబుతూనే ఉంది.

ఉప్పు మనిషికి అరవై ఏళ్లుంటాయి. మోకాళ్ల కింద చర్మం బూడిద రంగులో పగిలి ఉంది. పొడవాటి కర్రకు బిగించిన పలకతో మడిలో ఉప్పును గట్టుకు లాగుతున్నాడు. అక్క గట్టు మీద నుంచే కేకేసింది.

"ఏవయ్యా, ఈ ఉప్పు నీళ్లలో వేస్తే మళ్లీ సముద్రం అవుతుందా, అవదా? మా తమ్ముడికి చెప్పు."

అతను పలక ఆపి, ఆవిడ వేళాకోళం ఆడుతోందేమోనని నా మొహం చూశాడు. "ఎందుకవుద్దమ్మా? సగం మేం పారబోస్తిమిగా!"

"ఏం పారబోశారు?"

అతను మాకు మడులు చూపిస్తూ నడిచాడు. నీళ్లు మొదట పెద్ద మడిలోకి వస్తాయి. అక్కడ ఎండకు చిక్కబడేటప్పుడు అడుగున సున్నంలాంటి పెచ్చు కడుతుంది. అది అక్కడే ఉండిపోతుంది. తరవాత నీళ్లను చిన్న మడుల్లోకి వదులుతారు. వాటిలో ఉప్పు గడ్డ కడుతుంది. పూర్తిగా ఎండేదాకా మాత్రం ఆగరు. ఉప్పు పైన ఇంకా కాసిని చిక్కటి నీళ్లు మిగిలి ఉండగానే గండి కొట్టి వాటిని బయటికి తోసేస్తారు.

"ఎందుకు తోసెయ్యడం?" అన్నాను.

"అది చేదండీ. దాన్నిగానీ ఎండనిచ్చామంటే ఉప్పంతా చేదెక్కుద్ది, చెమ్మ పట్టుద్ది. అప్పుడు అమ్మగారు పచ్చడి చెడిందని నన్ను తిట్టిపోస్తారు."

గండి పక్కన గుంటలో నిలిచిన నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకోమన్నాడు. ఆ నీళ్లు కాస్త ఎర్రగా, వేళ్ల మధ్య నూనెలా జారుతున్నాయి. అక్క రాసుకుంది. మరుక్షణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉమ్మింది. నేనూ రాసుకున్నాను. వేపాకు నమిలినంత పనయింది. నా సీసాలో నీళ్లు మా ఇద్దరికీ చాలలేదు.

"చేపలకు ఇది కూడా కావాలంటయ్యా" అన్నాను.

"కావాల్సిందేగా. అయి పుట్టిందే దీంట్లో." అతను మళ్లీ పలక అందుకున్నాడు. "మేం ఏరుకునేది మనుషులు తినేంతవరకేనండీ."

తిరుగుదారిలో చీరాల దాకా అక్క కొంగుతో నాలుక తుడుచుకుంటూనే ఉంది. క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పాలో నేను అడగలేదు. ఊరు దాటాక తనే అంది. "అంటే మన పచ్చడికి ఏది పనికిరాదో అదే ఆ చేపలకు ప్రాణం."

"అలాగే అనిపిస్తోంది."

"మరి ఆ ప్యాకెట్‌లో చేదు వేశాడో లేదో ఎవరు చూశారు? పద, దుకాణానికి పోనీ."

దుకాణంలో ఆవిడ అడిగిన మొదటి మాట, "బాబూ, ఇందులో చేదుందా?" అని. ఆయన పదిహేనేళ్లుగా ఉప్పు అమ్ముతున్నా ఆ ప్రశ్న ఎప్పుడూ విని ఉండడు. నావైపు చూశాడు. మడుల సంగతి చెప్పాను. ఆయన మొహం విప్పారింది. చిన్న సీసాలో నీళ్లు పోసి, ఒట్టి చేపల ఉప్పును కొలిచి వేసి, బాగా కరిగేదాకా ఊపాడు. అక్క ఒక చుక్క చేతిలో వేసుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు రుచి చూసింది.

"ఉంది. వెనక తగులుతోంది. ఇది సూర్యలంక."

"మెగ్నీషియం అండీ అది. కాల్షియం, పొటాషియం కూడా కలుపుతారు" అన్నాడాయన.

"నువ్వు ఏ పేరైనా పెట్టుకో. చేదుంది. ఒరేయ్, తీసుకో."

ఇంటికొచ్చాక నేను సంచి కొస కత్తిరించబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది. "ఆగరా! బండి మీద కుదుపులకు బరువైనవి అడుక్కి, పొడిలాంటివి పైకి చేరి ఉంటాయి. ఆవపిండి, కారం, ఉప్పు కలిపేటప్పుడు అడుగు నుంచి ఎత్తి కలపమూ?" మూతి తెరవకుండానే సంచిని హాల్లో చాప మీద అటూ ఇటూ దొర్లించాం. తరవాత సంచి వెనక అచ్చు చదివితే, వాడేముందు సంచిని బాగా దొర్లించమనే ఉంది. అక్కకు చదివి వినిపించాను. "చూశావా, వాళ్లకూ పచ్చడి పెట్టడం వచ్చు" అంది. కల్లుప్పు కలిపిన డ్రమ్ము నీళ్లు అపార్ట్‌మెంటు వెనకున్న మూడు కొబ్బరిచెట్లకు వాటా పడ్డాయి.

కొత్త నీళ్లను చిన్న మోటారుతో ఒక రోజంతా తిప్పి, గాజు గొట్టంతో చూసి, మా ఆవిడ కళ్లముందే తొట్టెలో పోశాను. నెల గడిచింది. ఆ నెలంతా ఆవిడ ఖాళీ తొట్టెలో ఇసుకను ఎవరో ఉన్నట్టే చూస్తూ కూచునేది. చేపలు వచ్చిన రోజు కవర్లను గంటసేపు తొట్టె నీళ్లలో తేల్చి, కొంచెం కొంచెంగా నీళ్లు కలిపి వదిలాం. ఒకటి వెంటనే రాయి వెనక్కి పోయింది. రెండోది గాజు దగ్గరకొచ్చి మా ఆవిడ ముక్కుపుడకను చూసింది. మర్నాడు పొద్దున మేత తిన్నాయి. వారం గడిచాక జీలకర్ర వేరే డబ్బాలోకి మారింది.

ఎండలు ముదిరాయి. తొట్టె నీళ్లు వేడెక్కకుండా పైన చిన్న ఫ్యాను పెట్టాం. ఆ గాలికి రోజూ నీళ్లు వేలెడు తగ్గేవి. మొదటిరోజు ఉప్పునీళ్లు కలిపి నింపబోయి చటుక్కున ఆగాను. మడిలో ఎండ తీసుకుపోయేది ఒట్టి నీళ్లనే, ఉప్పు మిగిలే ఉంటుంది. ఫిల్టరు పట్టిన మంచినీళ్లే పోసి గొట్టం ముంచాను. పాత గీత దగ్గరే నిలిచింది. వెనక్కి తిరిగితే మా ఆవిడ గుమ్మంలో ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో తెలీదు. గొట్టం వైపు ఒకసారి చూసి వంటింట్లోకి పోయింది. ఈసారి నాకు జారుకోవాలనిపించలేదు.

ఆవకాయ పెట్టిన రోజే ఆవిడకు మళ్లీ చీరాల ప్రయాణం పడింది. మూడు రోజులు. మేత డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లింది. ఎంత వెయ్యాలో చెప్పలేదు. నేను పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు వేశాను. తగ్గినంత మంచినీళ్లు పోశాను. ఇంకేదీ ముట్టుకోలేదు. రెండు రోజులూ ఫోన్ వస్తుందని చూశాను, రాలేదు. మూడోరోజు పొద్దున మోగింది. చేపలు ఎదురుగానే ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి. చెప్పడానికి ఒక పేరా వార్త సిద్ధం చేసుకుని ఫోనెత్తాను.

"ఏవండీ, ఇవాళ మూడోరోజు. జాడీలో ఆవకాయ తిరగ్గలిపారా?" అంది. "అడుగు నుంచి కలపండి. తడి గరిటె పెట్టకండి."

చేపల సంగతి అడగనేలేదు.