మారిన జవాబు

జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో చదువుకునే రోజుల్లో మా ల్యాబ్‌కు ఒక వరంగల్ అక్క వచ్చేది. యంత్రానికి మంచీచెడూ నేర్పడానికి చిన్న చిన్న సంగతులు ఎంత తప్పో ఆమెలాంటి మనుషుల చేత గుర్తు పెట్టించేవాళ్లం. ఆమె మౌస్ మీద వేలు పైకెత్తి, "ఆగు తమ్మీ, ఆలోచించనీ" అనేది. ఆ వేలు దిగేలోపు నా కాఫీ చల్లారిపోయేది.

అక్కడ ఆదివారం ఇళ్లలో చప్పుడు చేయకూడదు; చేసినవాళ్ల మీద ఇంటి ఓనర్‌కు ఫిర్యాదు చేయడం తప్పా అన్నది ఒక ప్రశ్న. "చాలా తప్పు" అని పెట్టింది. అంతకుముందే, ఆదివారం మిక్సీలో ఇడ్లీ పిండి రుబ్బిందని కింది ఇంటి ముసలమ్మ ఆమె మీద ఫిర్యాదు చేసింది మరి.

నిలకడ చూడడానికి అదే ప్రశ్న కొన్నాళ్లకు మళ్లీ అడుగుతాం. ఈసారి "తప్పు కాదు" అని పెట్టింది. నిలకడ లేదని ఆమె జవాబులన్నీ తీసేయమన్నారు ప్రొఫెసర్.

"ఎందుకు మార్చినవక్కా?"

"మధ్యల కింది ముసలామె ఇంటికి పోయొచ్చిన. ఆమె మొగుడు మంచంల ఉన్నడు. పగటిపూటనే జర కునుకు పడ్తదట. తీసేస్తే తీసెయ్ తమ్మీ, మళ్ల అడిగినా గదే చెప్త."

తీసేశాను.

ఇప్పుడు హాంబర్గ్‌లో అలాంటి జవాబుల నిలకడ చూడడమే నా పని. జవాబు మార్చిన మనిషి కనబడితే డిలీట్ బటన్ మీద నా వేలు గాల్లోనే ఆగిపోతుంది. మధ్యలో ఎవరింటికి వెళ్లొచ్చారో అడగాలనిపిస్తుంది.