నాయన నాలుక, అయిదు మామిడి ఐస్‌క్రీములు

మా నాయన చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆయన పని రుచి చూడటం. సీజన్లో కాయల లారీలు రోడ్డు పొడుగునా వరస కడితే, ఒక్కో లారీ కాయతో తీసిన గుజ్జును చెంచాతో నోట్లో వేసుకుని, అంగిట్లో ఒకసారి తిప్పి, ఉమ్మేసి, సరే అనో వద్దు అనో చెప్పేవాడు. తీపిని కొలిచే మిషన్లు ఉన్నా చివరి మాట ఆయన నాలుకదే. రిటైరయ్యాక ఆ నాలుకకు పనిలేకుండా పోయింది. ఇక ఇంట్లో సాంబారు మీద, కాఫీ మీద, పక్కింటివాళ్లు గిన్నెలో పంపిన పాయసం మీద దాన్ని ప్రయోగించడం మొదలుపెట్టాడు. అమ్మ విసిగిపోయి, "నీతో పాటు ఆ నాలుక్కి గూడా రిటైర్మెంటు ఇచ్చింటే బాగుండు" అనేది.

మా ఆయన నాకు మేనమామ కొడుకే. ఏర్పేడు దగ్గర ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తాడు. మేము తిరుపతిలో ఉంటాం. ఆయనకు ఒక పిచ్చి ఉంది. ఊదా రంగు డబ్బాలో వచ్చే ఒక కంపెనీ ఐస్‌క్రీమ్ తప్ప ఇంకేదీ ఐస్‌క్రీమే కాదంటాడు. పెళ్లిలో వేరే కంపెనీది పెట్టారని ఈరోజుకీ మా వాళ్లను దెప్పుతాడు. పోయిన మే నెలలో ఒక శనివారం చిత్తూరు పోతూ ఆ ఊదా డబ్బానే పట్టుకొచ్చాడు, మామిడిది. నాయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"దీంట్లో మామిడి యాడుండాదప్పా?"

"అదేంది మామా, డబ్బా మీద మామిడిపండు బొమ్మ ఇంత లావున ఉంటే!"

"ఆ, బొమ్మలోనే ఉండాది."

అంతే, ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నాయన మా ఊళ్లో పాల డెయిరీవాళ్లు అమ్మే తెల్ల డబ్బా మంచిదన్నాడు. మా ఆయన దాన్ని చక్కెర గడ్డ అన్నాడు. అన్నం తినేటప్పుడు కూడా అదే గొడవ. చివరికి మా ఆయన చెయ్యి కడుక్కుంటూ, "ఒక పని చేద్దాం మామా. పేర్లు తెలీకుండా అన్నీ పెట్టుకుని పదికి మార్కులు వేద్దాం. అప్పుడు తేలిపోతాది" అన్నాడు. నాయన ముఖంలో చాలా రోజుల తరువాత పని దొరికినవాడి వెలుగు కనిపించింది.

రెండు వారాల తరువాత ఆదివారం ముహూర్తం పెట్టుకున్నారు. తిరుపతి నుంచి మేము మూడు రకాలు తేవాలి, చిత్తూరులో నాయన రెండు కొనాలి. మా ఆయన ఊదా డబ్బా కొన్నాడు. సూపర్ మార్కెట్లో ఒకటి కొంటే ఒకటి ఉచితమని అమ్మే పెద్ద డబ్బా ఒకటి కొన్నాడు. మూడోది మా వీధి చివర ఒక పెద్దాయన పార్లర్‌లో సొంతంగా చేసి అమ్మేది. ఆయన దాన్ని పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. అన్నీ పూలు పంపే థర్మాకోల్ పెట్టెలో సర్దుకుని, పైన ఐసు పోసి, బస్సెక్కాం. పాకాల దాటేసరికి పెట్టె మూల నుంచి నీళ్లు కారి నా చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. మా ఆయన దారి పొడుగునా, "కరగదు, ల్యాబులో ఇట్లాంటివి ఎన్ని పంపలేదు" అంటూనే ఉన్నాడు.

ఇంటికి చేరగానే పెట్టె అమ్మకు అప్పగించాం. అమ్మ డబ్బాలను ఫ్రీజర్లో పెట్టి కొన్ని గంటలు గట్టిపడనిచ్చింది. అమ్మే గిన్నెల్లో పెట్టాలి, ఏది ఏదో అమ్మకు తప్ప ఎవరికీ తెలియకూడదు. నేను లెక్క రాసేదాన్ని. అమ్మ స్టీలు గిన్నెల అడుగున బొట్టుబిళ్లలు అంటించింది, మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అట్లా. నాయన ఉతికిన చొక్కా వేసుకుని, గోరువెచ్చని నీళ్ల చెంబు, ఉమ్మడానికి ఒక బకెట్టు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, కూటి కాడ ఈ ఉమ్మేదేంది?" అంది అమ్మ.

"మింగితే ఒకదాని రుచి ఇంకొకదాంట్లో కలిసిపోతాది. నీకు తెలీదులే, గిన్నెలు తే."

మొదటి గిన్నె వచ్చింది. ఐస్‌క్రీమ్ రాయిలా ఉంది. చెంచా దిగలేదు. నాయన ఒక ముక్క చిదిపి నోట్లో వేసుకుని, పళ్లు జివ్వుమంటే బుగ్గ పట్టుకున్నాడు. బకెట్లో ఉమ్మేశాడు.

"వాసనా లేదు, రుచీ లేదు. మామిడిపండును దీనికి దూరం నుంచి సూపించి ఎత్తుకోని పొయినారు. మూడు మార్కులు."

"నాకూ నచ్చలేదు మామా. ఇట్లాంటిది దుడ్డిచ్చి ఎవరు కొంటారో! నాలుగు."

రెండోది వెన్నలా ఉంది. "పాలు బాగుండాయి. చక్కెర రవ్వంత ఎక్కువ. గుజ్జు మన బెంగుళూరా కాయదే, అడుగున పులుపు తెలుస్తాండాది. ఏడు" అన్నాడు నాయన. మూడోది నోట్లో పెట్టుకోగానే నాయన మొహం చిట్లించాడు. "ఇది పాలతో చేసింది కాదప్పా. నూనె. అంగిట్లో జిడ్డు అతుక్కుంటాండాది సూడు." ఒక చెంచా తీసి పళ్లెంలో పెట్టి, "దీన్నట్లే పెట్టి సూడండి, కరిగి పాలు కాదు, నురగై నిలబడతాది. రెండు మార్కులు" అన్నాడు. నాలుగోది ఆయన కొన్న రెండో రకం, మా ఊళ్లోనే చేసేదని తరువాత తెలిసింది. రంగు ఎక్కువన్నాడు. కానీ పీచు తగులుతోంది కాబట్టి నిజం మామిడేనని అయిదున్నర ఇచ్చాడు.

అయిదో గిన్నె రావడం కొంచెం ఆలస్యమైంది. వంటింట్లో ఏవో డబ్బాలు కదిలిన చప్పుడు వినిపించింది. అమ్మ తెచ్చి పెట్టి, మా ఎవరి వైపూ చూడకుండా తలుపు దగ్గర నిలబడింది. ఐస్‌క్రీమ్ మెత్తగా, గిన్నె అంచుల్లో కొంచెం జారుతూ ఉంది. నాయన చెంచా పెట్టుకున్నాడు. ఉమ్మలేదు. ఇంకో చెంచా పెట్టుకున్నాడు.

"ఇదీ మామిడంటే! దీంట్లో ఖాదర్ కాయ కలిపినారు. ఆ వాసన వేరే దేనికీ రాదు. తొమ్మిది."

"మా వీధి పార్లర్ పెద్దాయనదే మామా, సందేహమే లేదు. తొమ్మిది" అన్నాడు మా ఆయన. ఇద్దరూ మొదటిసారి ఒకే మార్కు వేశారు.

నేను మార్కులు కూడి, అమ్మను పేర్లు చెప్పమన్నాను.

"రెండు?"

"మీ నాయన తెల్ల డబ్బా."

నాయన మీసం సవరించుకున్నాడు.

"మూడు?"

"ఒకటి కొంటే ఒకటి ఉచితం."

మా ఆయన ఆ డబ్బా తెచ్చి, అడుగున చీమల్లా ఉన్న అక్షరాలు చదివాడు. వనస్పతి నూనె అని రాసే ఉంది. పళ్లెంలో పెట్టిన చెంచాడు నురగై నిలబడే ఉంది. నాయనకు ఇక పట్టపగ్గాల్లేవు.

"ఒకటో నంబరు ఏదో చెప్పు."

అమ్మ మా ఆయన వైపు జాలిగా చూసింది. "నీదేప్పా, ఊదా డబ్బా."

నాయన తొడ చరుచుకుని నవ్వాడు. మా ఆయన ముఖంలో రక్తం లేదు. తను ప్రాణంగా చూసుకునేదానికి తనే నాలుగు మార్కులు వేశాడు.

"మరి అయిదు?" అన్నాడు, ఎటో చూస్తూ.

అమ్మ కొంగు సర్దుకుంది. "అదీ నీదే."

ఎవరికీ అర్థం కాలేదు. అమ్మ చెప్పుకొచ్చింది. పార్లర్ డబ్బా మూత ఊడి, లోపలిదంతా బస్సులోనే నీళ్లయిపోయింది. "అయిదు రకాలని ఇంత హడావిడి చేసినారు. నాలుగే ఇస్తే మీ ఆట చెడిపోతాదని, ఆ ఊదా డబ్బా బయటే ఉంటే దాంట్లో నుంచే ఇంకొక గిన్నె పెట్టేసినా. దానికే మూడూ, దానికే తొమ్మిదీ ఏస్తారని నాకేం తెలుసు?"

మా ఆయన లేచి నిలబడి, "తొమ్మిది! మామా, నువ్వే తొమ్మిది ఇచ్చినావు!" అని అరిచాడు. నేను నవ్వు ఆపుకోలేక కాగితం కింద పడేశాను. నాయన మాత్రం అయిదో గిన్నెలో చెంచాతో కెలికి చూశాడు.

"చలికి వాసన చచ్చిపోతాది" అన్నాడు. "మొదటిది రాయి మాదిరి ఉన్నింది. అయిదోది మెత్తబడింది. తప్పు ఐస్‌క్రీమ్‌ది కాదు. నాకు తెలిసుండాల్సింది. ముందే ఒకసారి తగిలింది."

అప్పుడు మాకెవరికీ తెలియని సంగతి చెప్పాడు. ఫ్యాక్టరీలో కొత్తగా వచ్చిన మేనేజరు ఒకసారి ఒకే డ్రమ్ములోని గుజ్జును రెండు కప్పుల్లో పోసి ఇచ్చాడట. నాయన ఒకటి బాగుందన్నాడు, ఇంకొకటి పులిసిందన్నాడు. మేనేజరు రెండు కప్పుల అడుగునా ఉన్న ఒకే నంబరు చూపించి వెళ్లిపోయాడు.

"ఆ పొద్దు తెల్లారే ఒక లారీ వెనక్కి పంపించింటి, కాయ బాగలేదని. ఆ రైతు లారీ తిప్పుకోని పొయినాడు. నేను చెప్పింది నిజమో కాదో ఈపొద్దుకీ తెలీదు."

మా ఆయన మెల్లగా కూర్చున్నాడు. "తరువాత ఏం చేసినావు మామా?"

"ఏం చేస్తా? ఆ మర్నాటి నుంచీ వద్దు అనే ముందర రెండోసారి రుచి సూసేవాణ్ని. గంటాగి, నోరు కడుక్కోని. లారీవాళ్లు తిట్టుకునేవాళ్లు, ముసలోడు నిదానమని. తిట్టుకోనీలే అనుకున్నా."

నాయన పని గురించి గొప్పలు ఎన్నో విన్నాను గానీ ఇట్లాంటిది ఎప్పుడూ వినలేదు. నాకు ఆయన ఆరోజు అంతకు ముందుకంటే దగ్గరగా అనిపించాడు. అయిదో గిన్నె ఆయన వైపు జరిపాను. ఆయన ఊడ్చి తిన్నాడు.

మరుసటి ఆదివారం పరీక్ష మళ్లీ పెట్టారు. ఈసారి పార్లర్ డబ్బాను నాలుగు పేపర్లలో చుట్టి నేనే ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. నాయన గడియారం పట్టుకుని, అన్నింటినీ ఒకే లెక్కన పది నిమిషాలు బయట ఉంచాడు. అందరి మార్కుల్లోనూ పార్లర్ పెద్దాయనదే మొదట వచ్చింది. ఊదా డబ్బా, తెల్ల డబ్బా చెరి సమానంగా వచ్చాయి. నూనెది ఈసారీ అట్టడుగునే.

"అత్తా, నువ్వూ మార్కులెయ్యి" అన్నాడు మా ఆయన.

"నాకొద్దు."

"ఒక చెంచానే."

"నాకు మామిడి పడదప్పా" అంది అమ్మ. "ముప్పై ఏండ్లు ఈయన చొక్కాలు ఉతికినా. సీజనంతా ఇల్లూ వాకిలీ అదే వాసన. దండెం మీద గూడా అదే. ఆ వాసనొస్తే నాకు నీళ్లబకెట్టు, సబ్బు తప్ప ఇంకేం గుర్తుకురావు."

నాయన నోరు తెరిచాడు. "ఏండ్ల తరబడి బుట్టలు బుట్టలు కాయ తెచ్చిస్తి గదా! ఒక్కసారన్నా చెప్పినావా?"

"అడిగితే గదా చెప్పేది. పాపా, నువ్వు తిన్నావు గదా అవన్నీ?" అంది నా వైపు తిరిగి. తిన్నాను. చిన్నప్పుడు తన వాటా ముక్కలు కూడా అమ్మ నాకే పెడుతుంటే అది ప్రేమ అనుకున్నాను. సగం ప్రేమేనన్నమాట.

"అయితే నీకేది ఇష్టం?" అన్నాడు నాయన, కొత్తగా పరిచయమైన మనిషిని అడిగినట్టు.

అమ్మ కాస్త సిగ్గుపడింది. "పిస్తా. బజారు వీధిలో కర్ర పుల్లకు గుచ్చి ఇస్తారే, ఆకుపచ్చది, అది."

నాయన చెప్పులేసుకుని వెంటనే బయలుదేరాడు. తిరిగి వచ్చేసరికి ఎండకు పుల్ల ఐసు సగం కరిగి ఆయన మోచేతి దాకా పచ్చగా కారుతోంది. అమ్మ అరుగు మీద కూర్చుని, ఆ సగాన్నీ చివరి దాకా, ఎవరికీ మిగల్చకుండా తినేసింది. నాయన పక్కనే నిలబడి ఎన్ని మార్కులని అడిగాడు. ఆమె పుల్ల నాకుతూ, మాట్లాడొద్దని చెయ్యి ఊపింది.