దిమ్మెలెక్కిన జీపు

మా బావ జీపు డ్రైవరు. ఆయన్ను పోలీసు బండ్ల షెడ్డులో అందరూ 'మీటరు' అనేవాళ్లు. జీపు తాళం తిప్పే ముందు మీటరు చూసి రాసుకోవాలి, దిగాక మళ్లీ చూసి రాసుకోవాలి. సొంత పనికి బండిని అంగుళం కదిపినా పాపం తగులుతుందని ఆయన నమ్మకం. పెళ్లయిన కొత్తలో మా అక్క, "ఏవండీ, ఆ జీపులో నన్ను బజారు దాకా దింపకూడదూ?" అని అడిగింది పాపం. "అది మన బండి కాదే, జనం బండి" అన్నాడట. "నేను జనంలో లెక్క కాదా?" అంది అక్క. ఆ మాట చెప్పుకుని మా ఇంట్లో ఏళ్లతరబడి నవ్వుకున్నాం.

ఆ షెడ్డు గేటు పక్కనే నా టీ కొట్టు. పోలీసుల డబ్బు సంగతులు నేను చదివి నేర్చుకోలేదు, గ్లాసులు కడుగుతూ విన్నాను. ఏటా ప్రభుత్వం పద్దుల వారీగా డబ్బిస్తుంది. అందులో ముప్పాతిక మువ్వీసం జీతాలకే సరి. మిగిలిన పిసరును పెట్రోలుకింత, టైర్లకింత, గోడల రంగుకింత అని విడగొట్టి ఇస్తారు. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకు వాడారో, ఉద్యోగం ఊడినట్టే. అందుకే షెడ్డు గోడ ఏటా కొత్త పెళ్లికూతురిలా మెరుస్తుంది, దాని పక్కన జీపు టైరు లేక కుంటుతూ ఉంటుంది. జనం దగ్గర వసూలు చేసే జరిమానాలు కూడా వీళ్లవి కావు, నేరుగా ఖజానాకే. ఇక ఏడాది చివర ఏమైనా మిగిలిందా, అది వెనక్కి పోతుంది. అంతటితో పోయినా బాగుండేది. "ఇంతతోనే సరిపెట్టుకున్నారుగా" అని వచ్చే ఏడు ఆ మేరకు కోసేస్తారు.

ఈ ముక్క ఊళ్లో దొంగలకు కూడా తెలుసు, మా బావకే తెలియలేదు. ఒక ఏడు పెట్రోలు పద్దు చూసుకోమని ఆయన చేతిలో పెట్టారు. రెండు స్టేషన్ల సామాను ఒకే బండిలో పంపాడు, ఊరికే తిరిగే తిరుగుళ్లు ఆపించాడు, చివరికి బండ్ల సారు భార్య కూరగాయల ప్రయాణాలకు కూడా అడ్డం పడ్డాడు. షెడ్డు మొత్తానికి అధికారి ఆ బండ్ల సారే. మా బావ బోలెడంత మిగిల్చాడు. మెచ్చుకుంటారని ఎదురుచూశాడు వెర్రిబాగులవాడు!

మరుసటి ఏడు అంతా కోసేశారు. ఏడాది ఇంకా ఉండగానే బంకువాడు పోయనన్నాడు. ఇంట్లో దొంగలు పడ్డారని ఎవరైనా ఫోన్ చేస్తే, "పెట్రోలు మీరు పోయిస్తే వస్తాం" అనాల్సి వచ్చింది స్టేషన్లవాళ్లకు. బండ్ల సారు అందరి ముందూ మా బావను నిలబెట్టి, "పొదుపు చేసి మా కొంప ముంచావు కదయ్యా! నీ నిజాయితీని తీసుకెళ్లి నీ ఇంట్లో పెట్టుకో!" అని కడిగేశాడు. డ్రైవర్లంతా ఇకిలించారు. బావ ఆ రోజు టీ కూడా తాగలేదు.

బతిమాలగా బతిమాలగా, ఏడాది ముగుస్తుందనగా కొంత డబ్బు వచ్చింది. ఇప్పుడు దాన్ని ఉన్న నాలుగు రోజుల్లో తగలేయాలి. ట్యాంకులో పోసి దాచుకుంటే ఖర్చు కింద ఒప్పుకోరు, మీటరు తిరగాలి. అందుకు వీళ్ల దగ్గర పాత ఉపాయం ఒకటుంది. జీపుల వెనక చక్రాలు నేలకు ఆనకుండా చెక్క దిమ్మెల మీద ఎత్తుతారు. గేరు వేసి, ఆక్సిలరేటరు మీద ఇటుక పెడతారు. బండి అక్కడే ఉంటుంది, మీటరు మాత్రం ఊరంతా చుట్టి వస్తుంది. ఆ కాపలా పని కావాలనే మా బావకు అప్పగించాడు బండ్ల సారు. "తొందరగా అవగొట్టు, మీటరూ!" అని మిగతావాళ్లు ఈలలు వేశారు.

షెడ్డంతా పొగ. నా పాలకు కూడా ఆ కంపే. అక్కకు ఉబ్బసం. "నువ్వు రాకే, క్యారేజీ నేను తెస్తాను" అని మొత్తుకున్నాను. వింటేగా! మొగుడు మాట పడ్డాడని, వేడిగా నాలుగు మెతుకులైనా తింటాడని మధ్యాహ్నం ఆ పొగలోంచే నడిచి వచ్చింది. నా బెంచీ మీద కూలబడి ఎగశ్వాస మొదలెట్టింది. పెదాలు నల్లబడ్డాయి. చేతిలో పీల్చే మందు డబ్బా ఖాళీ. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఊరి ఆ చివర ఉందన్నారు.

"బావా! జీపు దించు, అక్కను తీసుకెళ్దాం!" అని అరిచాను.

బావ వచ్చాడు, అక్కను చూశాడు, పరిగెత్తాడు. జీపు దగ్గరికి కాదు, బండ్ల సారు గదికి! నేనూ వెనకే పోయాను.

"సొంత పనికి ప్రభుత్వ బండా?" అన్నాడు సారు. "మా ఆవిడ కూరగాయలకు రూల్సు చెప్పింది నువ్వేగా? పై సారు సంతకం కావాలి. ఆయనేమో వచ్చే ఏటి బడ్జెట్ మీటింగులో ఉన్నారు. కాగితం పంపిస్తాలే, ఆగు."

బావ బయటికొచ్చి జీపు పక్కన నిలబడ్డాడు. ఇటుక తీసి బండి ఆపలేదు. జాకీ ముట్టుకోలేదు.

"ఎవడి కోసం చూస్తున్నావు? దించు బావా, నీ కాళ్లు పట్టుకుంటాను!"

"సంతకం వస్తుందే. వచ్చేస్తుంది."

చెంప పగలగొడదామనిపించింది. నాకు బండి నడపడం వచ్చి ఉంటే ఆయన్ను గుద్దుకుంటూ పోయేదాన్ని. రోడ్డుకు అడ్డంపడి ఆటో ఆపాను. మొదటి మలుపు తిరగకముందే అక్క నా ఒళ్లో పోయింది.

చేతులు కాలాక ఆకులన్నట్టు, ఆసుపత్రి దాకా పోయి మేం తిరిగొచ్చేసరికి సంతకం వచ్చింది. బండి ఇవ్వవచ్చు, కిలోమీటరుకింత చొప్పున జీతంలో కోయాలి అని.

ఏడాది ముగిసింది. మీటరు తిరిగినంతకీ ఎక్కడికి వెళ్లిందో రాయాలి. బండ్ల సారు బావను పిలిపించి గొంతు తగ్గించి మాట్లాడాడు. నేను టీ ఇస్తూ అక్కడే ఉన్నాను. "జరిగిందేదో జరిగింది. ఆ రోజుది మీ ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లినట్టు రాసెయ్. అనుమతి ఎటూ ఉంది. సిబ్బందిని చూసుకున్నామని మాకూ మంచి పేరు, పెట్రోలు పెంచమని అడగడానికీ పనికొస్తుంది."

ఆ పుస్తకం వాడి మొహాన కొడతాడనుకున్నాను. బావ పెన్ను అడిగి తీసుకున్నాడు. గుండ్రటి అక్షరాలతో తప్పు లేకుండా రాశాడు.

కొత్త ఏడు పెట్రోలు పెరిగింది. ఆ నెల బావ జీతంలో ప్రయాణం ఖర్చు కోశారు. అది తెలిసి ఉండబట్టలేక ఇంటికి పోయి అడిగాను.

"వెళ్లని బండికి డబ్బు కూడా కట్టావా, దౌర్భాగ్యుడా?"

బావ కోప్పడలేదు. గోడకేసి చూస్తూ అన్నాడు.

"నువ్వు ఆటో కోసం పరిగెత్తినప్పుడు మీటరు చూశాను. మీరు తిరిగొచ్చాక మళ్లీ చూశాను. సరిగ్గా ఆసుపత్రికి పోయి వచ్చేంత తిరిగిందే. నేను తప్పేం రాయలేదు."